రెండో చాప

"ముద్ర ఎక్కడ?"

బ్యోన్ రాణి విరబోసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"మహారాణీవారినే అడుగుతున్నాను. రాజముద్ర ఎక్కడుంది?"

వెదురు తెరకు అవతల కూర్చున్నవాడు ఆమె కన్నతండ్రే. కానీ కూతురు రాణి అయిన రోజు నుంచి ఆయన ఆమెను 'మీరు' అనాలి, తెర దాటి ఇవతలికి రాకూడదు. కనుసైగతో మంత్రుల్ని లేపి, కనుసైగతో కూర్చోబెట్టే బ్యోన్ సొక్‌గు, సొంత కూతురి గదిలో ఒక్క గడప దాటలేడు. మా ఆచారం గొప్పతనం అదీ. పులిని కూడా గుమ్మం బయటే కూర్చోబెడుతుంది.

"ఇచ్చేశాను," అంది రాణి.

"ఎవరికి?"

"అత్తగారికి."

తెర అవతల దగ్గు ఆగిపోయింది. ఆయనకు ఏళ్ల తరబడి దగ్గు. అది ఆగితే ఏదో కొంప మునిగిందని రాజధాని హాన్యాంగ్‌లో అందరికీ తెలుసు.

"ఎప్పుడు?"

"నిన్న. ఇంటికప్పు మీంచి ఆయన్ని పిలవడం అయిపోగానే."

నిన్న తెల్లవారుతుండగా రాజు పోయాడు. సేవకుడొకడు రాజుగారి పైవస్త్రం పట్టుకుని కప్పెక్కి, ఉత్తరం వైపు తిరిగి, "తిరిగి రండి ప్రభూ, తిరిగి రండి" అని గొంతు చించుకున్నాడు. ప్రాణం తిరిగి రాలేదు. వస్త్రం మాత్రం కిందికి వచ్చి శవం మీద పడింది. అప్పుడు ఆడవాళ్లంతా నగలు తీసేసి జుట్టు విరబోసుకున్నారు. ఆ విరబోసుకున్న జుట్టుతోనే బ్యోన్ రాణి ముద్ర ఉన్న పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, వట్టి కాళ్లతో అత్తగారి వాకిట్లోకి నడిచింది.

"ఎవరు ఇమ్మన్నారు?" గొంతు తగ్గించి అడిగాడు సొక్‌గు.

"ఎవరూ అనలేదు. రాజు పోతే ముద్ర ఇంట్లో పెద్ద ఆడదాని దగ్గర ఉండాలి కదండీ. అత్తగారి సొత్తు కోడలి గదిలో ఒక్క రాత్రి కూడా నిలవుండకూడదని చిన్నప్పుడు మీరే చదివించారు. తప్పు చదివితే బెత్తంతో కొట్టారు కూడా."

"ఏమే పిచ్చిమొహమా, పుస్తకాలు ఊళ్లోవాళ్ల ఆడపిల్లల కోసం రాస్తారు!"

గదిలో ఉన్న పరిచారికలు బిక్కచచ్చిపోయారు. రాణిని చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన మేంగ్ దాది చేతిలోని నీళ్ల గిన్నె ఒలికిపోయింది. రాణిని 'ఏమే' అన్నవాడు తండ్రయినా తల ఉండకూడదు.

"...మహారాణీవారు క్షమించాలి," అన్నాడు సొక్‌గు.

రాణికి కోపం రాలేదు. ఏడేళ్ల తర్వాత నాన్న నోటి నుంచి 'ఏమే' విన్నందుకు, సిగ్గు లేకుండా, కాస్త సంతోషమే వేసింది.

"ఒకటే చెబుతాను, వినండి," అన్నాడాయన. దగ్గు మళ్లీ మొదలైంది. "సింహాసనం ఎక్కే పిల్లవాడి దగ్గర పేచీ లేదు. వెనక సందులో ఉండే ఆ రాచబంధువు కొడుకు, తొమ్మిదేళ్లవాడు. మీ అత్తగారు పెద్దరాణికీ వాడే కావాలి, మనకీ వాడే కావాలి. వాడు ఎవరి కొడుకన్నదే పేచీ."

"ఆయనకి దత్తపుత్రుడని కదా అనుకున్నాం?"

"మనం అనుకుంటే చాలదు. ప్రకటన మీద ముద్ర పడాలి. పోయిన ప్రభువుకి కొడుకని ముద్ర పడితే మీరు తల్లి. తెర వెనక మీరు కూర్చుంటారు, తెర ముందు నేను నిలబడతాను, రాజ్యం నడుస్తుంది. అదే ఆ మహాతల్లి, 'వీణ్ణి కూడా నేనే దత్తత చేసుకుంటున్నాను, పోయినవాడికి తమ్ముడు' అందనుకోండి..."

"నేను వదినని."

"వదినకి వెనక తోటలో రెండు గదుల ఇల్లు. ఆవిడ బతికినంత కాలం అందులో దీపం వెలిగిందో లేదో కూడా ఎవరూ అడగరు."

"మరి ఆయనకి?"

"ఎవరికి?"

"ఆయనకండీ! కొడుకు లేకుండా పోయినట్టేనా? ఏటేటా ఆయన పేరు ముందు అన్నం పెట్టి, 'నాన్నా' అని మొక్కేవాడు ఉండడా?"

సొక్‌గు చేతి సంచి సర్దుకున్నాడు. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదని అక్కడే తెలిసిపోయింది. అల్లుడు పోయి ఒక్క రోజే అయింది. ఏరు దాటాక బోడి మల్లయ్య.

రాణి కళ్లు మూసుకుంది. ఆ రాజు పెద్ద వీరుడేం కాదు, పెద్ద పండితుడూ కాదు. సభలో నోరెత్తితే మామగారి ముఖం చూసి మళ్లీ మూసేసేవాడు. కానీ చలికాలంలో దక్షిణ దీవి నుంచి నారింజలు వస్తే, తొనలకు పట్టిన తెల్లటి పీచు ఒక్కొక్కటే తీసి ఆమె పళ్లెంలో పెట్టేవాడు. రాజ్యంలో ఆయన తనంతట తానుగా చేసిన పని బహుశా అదొక్కటే. అలాంటి మనిషికి పిడికెడు అన్నం పెట్టే కొడుకు లేకపోవడమా?

"వెళ్లి అడగండి," అన్నాడు తండ్రి. "కాళ్లు పట్టుకోండి, ఏడవండి, ఏదైనా చెయ్యండి. ఇంకో సంగతి. పిల్లవాడు రేపు మీకు మొక్కడానికి వస్తాడు. తల్లయితే కూర్చునే అందుకుంటుంది. మరిదికైతే వదిన లేచి ఎదురు మొక్కాలి. రాచబంధువులంతా చూస్తుంటారు. మీరు కూర్చుంటే తల్లి, లేస్తే వదిన. మెడ మీద కత్తి పెట్టినా లేవొద్దు."

"లేవను."

"మాటేనా?"

"మాటేనండీ."

తెర కింది నుంచి ఒక చిన్న కాగితపు పొట్లం ఇవతలికి జరిగి వచ్చింది. "అల్లం మురబ్బా. అత్తగారి ముందు గొంతు పోతే కష్టం. నోట్లో వేసుకోండి."

చావింట ఉపవాసం అందరికీ ఉంది. కానీ మందని పేరు పెడితే ఉపవాసం కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఆయన చేతి సంచిలో ఆ మురబ్బా లేని రోజు లేదు. ఏడేళ్ల వయసులో అమ్మ శవం ముందు ఏడవొద్దని ఆమె అరచేతిలో ఒక ముక్క పెట్టాడు. పదిహేనేళ్లకు రాజుగారి పల్లకీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఇంకో ముక్క పెట్టాడు. ఆ తీపి చేతిలో పడిందంటే వెనకాలే మింగలేనిది ఏదో వస్తోందని ఆమెకు బాగా తెలుసు.

పొట్లం విప్పకుండానే చొక్కా చేతిమడతలో దోపుకుని లేచింది.

*

అత్తలేని కోడలు ఉత్తమురాలట, కోడలు లేని అత్త గుణవంతురాలట. ఈ ఇద్దరికీ ఆ అదృష్టం లేదు. పైగా ఈ అత్త రాజుకు కన్నతల్లి కూడా కాదు. యువరాజుగా ఉండగానే భర్త పోతే, పిల్లాజెల్లా లేక, పోయిన రాజును దత్తత తెచ్చుకున్న మనిషి. తెచ్చుకున్నది అనడం కంటే, బ్యోన్ సొక్‌గు తెచ్చి ఒళ్లో పడేశాడనడం న్యాయం.

పెద్దరాణి గడ్డి చాప మీద కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు భుజాల మీద విరబోసి ఉంది. మోకాలి పక్కన తెల్లగుడ్డ కప్పిన పెట్టె. కోడలి చూపు ముందు దాని మీదే పడింది. అత్తగారు అది గమనించింది.

"కూర్చో అమ్మాయ్. గంజి తాగావా?"

"లేదండీ."

"తాగు. ముందుంది ముసళ్ల పండగ."

పెద్ద పరిచారిక తాక్ గంజి గిన్నె తెచ్చి పెట్టింది. బ్యోన్ రాణి ముట్టుకోలేదు. పెద్దరాణి ఇంకో మాట మాట్లాడలేదు. ఆవిడకు మాట్లాడకుండా కూర్చోవడం అలవాటే. అవతలివాళ్లు ఆ మౌనం భరించలేక ఏదో ఒకటి వాగేవరకూ అలాగే ఉండగలదు.

కోడలు భరించలేకపోయింది. "మీకో మనవి అండీ. పోయిన ప్రభువు వంశం, రాజ్యం క్షేమం..."

"మీ నాన్న నేర్పిన మాటలు పక్కన పెట్టు. నీకేం కావాలో అడుగు."

"ఆ పిల్లవాణ్ణి ఆయన కొడుకుని చెయ్యండి."

"ఆయన కొడుకునా? నీ కొడుకునా?"

"రెండూ ఒకటే కదండీ."

"ఎందుకవుతాయి? వాడు నీ కొడుకైతే మీ నాన్నకి మనవడు. తల్లి పుట్టిల్లే ఏలుతుంది, కాదంటావా?"

కోడలు తల దించుకుంది. గంజి మీద మీగడ కడుతోంది.

"ఆరేళ్ల కిందట ఇదే గదిలో నేను నీ ముందు చేతులు చాచాను," అంది పెద్దరాణి. "గుర్తుందా?"

"...ఉందండీ."

"ఏమడిగాను?"

"తమ్ముడుగారి గురించి."

"పేరు చెప్పు. ఆ పేరు పలికి ఈ ఇంట్లో ఎన్నేళ్లయిందో."

"యోమ్ జిన్హా గారు."

"నా తమ్ముణ్ణి దీవికి పంపారు. తాగి చావమనే విషం గిన్నె అప్పటికి ఇంకా పంపలేదు. ప్రభువుతో ఒక్క మాట చెప్పు తల్లీ అన్నాను. అత్తని, కోడలి కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నువ్వేమన్నావ్?"

"గుర్తులేదండీ."

"నాకుంది. 'ఆడవాళ్లం, రాచకార్యాల్లో నోరు పెట్టకూడదండీ' అన్నావు. ఎంత చక్కగా అన్నావనుకున్నావ్! తల వంచి, చేతులు మడిచి, చిలకలా."

బ్యోన్ రాణి ముఖం పాలిపోయింది. అప్పుడామెకు పదహారేళ్లు. అలా అనమని ముందు రోజే తండ్రి చెప్పి పంపాడు. అరచేతిలో ఒక తీపి ముక్క కూడా పెట్టాడు.

"మా నాన్నగారు అలా చెప్పమన్నారండీ."

"తెలుసు. గిన్నె పంపమన్నదీ ఆయనే."

"కాదు! అది సభ తీర్మానం. నాన్నగారు వద్దని చెప్పినా సభ వినలేదన్నారు."

"ఎవరన్నారు?"

బ్యోన్ రాణి గంజి గిన్నె పక్కకు జరిపింది. అన్నది నాన్నే. ఆరేళ్లుగా ఆ మాటను ఆమె నమ్ముతోంది. నమ్మకపోవచ్చని ఒక్కనాడూ తోచలేదు. నేల కింద నుంచి వెచ్చగా వస్తున్న సెగ చప్పున ఆగిపోయినట్టనిపించి, రెండు చేతులూ చాప మీద ఆనించింది.

"ఆ దీవి నుంచి వచ్చే నారింజ అప్పటి నుంచి నేను ముట్టలేదు," అంది పెద్దరాణి. "మీ ఆయన నీకు తొనలు వలిచి పెట్టేవాడట కదా. మంచిదే. తినడంలో తప్పేముంది? ఆడవాళ్లం అమ్మాయ్, రాచకార్యాల్లో నోరు పెట్టకూడదు. వెళ్లి గంజి తాగు."

"మరి మీరు పెడుతున్నారు కదండీ!"

తాక్ గుండె మీద చెయ్యేసుకుంది. ఆ ఇంట్లో కోడలు ఎదురు మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెద్దరాణి నవ్వబోయింది. చావింట్లో నవ్వకూడదని గుర్తొచ్చి ఆపుకుంది.

"ఇన్నాళ్లకి నోరొచ్చిందే నీకు! ముద్ర చేతిలో ఉన్నప్పుడు వచ్చుంటే పనికొచ్చేది."

"నన్నేమైనా అనండి. తోటలో పెడతారా, పెట్టండి. కానీ ఆయన మీకూ కొడుకే కదా అత్తగారూ. దత్తతే అనుకోండి. రోజూ పొద్దున వచ్చి మీ ముందు మోకాళ్ల మీద కూర్చుని 'రాత్రి నిద్ర పట్టిందా అమ్మా' అని అడిగేవాడు. ఒక్క రోజు మానలేదు. ఆయనకి అన్నం పెట్టే కొడుకు లేకుండా చేస్తారా?"

పెద్దరాణి ముఖం పక్కకు తిప్పుకుంది. చెయ్యి పెట్టె మీద ఉంది, కానీ వేళ్లు గుడ్డను నలుపుతున్నాయి. బయట సంతాపానికి చింకి గోనెలు కట్టుకున్న ఆడవాళ్ల ఏడుపు పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది.

"అడిగేవాడు," అంది. "అబద్ధం చెప్పేదాన్ని. పట్టిందనేదాన్ని."

కోడలు మోకాళ్ల మీద ముందుకు జరిగింది.

"ప్రకటన ఇంకా రాయించలేదు. రేపు వాడు నీకు మొక్కాక రాయిస్తాను. నువ్వు కూర్చుని అందుకుంటే తల్లివని రాయిస్తాను. లేచావంటే వదినవి. నిన్ను లేపేది నేను మాత్రం కాదు. నా మనుషులెవరూ కూడా లేపరు. నా తమ్ముడి మీద ఒట్టు."

"నిజంగానా అండీ?"

"చచ్చినవాడి మీద ఒట్టేసి అబద్ధం ఆడతానా?"

బ్యోన్ రాణి వంగి నుదురు నేలకు ఆనించింది. ఆమె కన్నీళ్లు చాప మీద పడ్డాయి. అత్తగారి ముఖం చూడటానికి తలెత్తి ఉంటే బాగుండేది. చూడలేదు.

*

పొద్దున్నే మేంగ్ దాది వార్త పట్టుకొచ్చింది.

"మీ నాన్నగారి పల్లకీ ఇంకా తెల్లారకుండానే పెద్దరాణి వాకిట్లో ఉందట తల్లీ. ఆవిడే పిలిపించిందట."

"నా తరఫున పోట్లాడటానికి వెళ్లుంటారు," అంది బ్యోన్ రాణి.

"పోట్లాడినవాళ్లు అంత నెమ్మదిగా బయటికొస్తారా? తల దించుకుని వచ్చారట."

"చావింట్లో అందరూ తల దించుకునే తిరుగుతారు దాదీ. నువ్వు ప్రతిదానికీ కోడిగుడ్డు మీద ఈకలు పీకకు."

రాణి ఆ పూట గంజి గిన్నె ఖాళీ చేసింది. రాజు పోయాక మొదటిసారి ఆకలి వేసింది. వేసినందుకు సిగ్గుపడింది. శవం ఉన్న ఇంటి వైపు తిరిగి, "మీకు కొడుకొస్తున్నాడు" అని మనసులో చెప్పుకుంది.

తాక్ ఇద్దరు పరిచారికలతో వచ్చింది. వాళ్ల చేతుల్లో రెండు చాపలున్నాయి. ఒకటి పిల్లవాడు మొక్కే చోట పరిచారు. రెండోది చుట్టి గోడకు ఆనించారు.

"అదెందుకే?" గయ్యిమంది మేంగ్ దాది. "తల్లికి మొక్కేటప్పుడు ఒకటే చాప. రెండోది ఎదురు మొక్కేవాళ్లకి. ఎవరి కోసం తెచ్చావు?"

"ఎవరి కోసమూ కాదు. అక్కడుంటుంది, అంతే. వెయ్యమని ఆజ్ఞ లేదు, తియ్యమనీ లేదు."

"నీ ఆజ్ఞ మండ! కొరివి తెచ్చి చూరు కింద పెట్టి, ముట్టించలేదు కదా అన్నట్టుంది."

"ఉండనీ దాదీ," అంది రాణి. "చుట్టిన చాప నన్నేం చేస్తుంది?"

రాచబంధువులు వసారాలో వరసగా కూర్చున్నారు. ఆడవాళ్లు గదిలో గోడల వెంబడి సర్దుకున్నారు. పెద్దరాణి వచ్చి పక్క తెర వెనక కూర్చుంది. బ్యోన్ రాణి ఎత్తు పీట మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

పిల్లవాణ్ణి తీసుకొచ్చారు.

ఇంట్లో వాడి ముద్దుపేరు పేడముద్ద. మంచి పేరు పెడితే దిష్టి తగులుతుందని మా దగ్గర పిల్లలకు అలాంటి పేర్లే పెడతారు. అంత జాగ్రత్తపడినా పాపం వాడికి సింహాసనం తగులుకుంది. తెల్లబట్టలు వాడి కొలతవి కావు. చొక్కా చేతులు పొడుగై వేళ్లు కనిపించడం లేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కుడి పిడికిలి బిగించి ఉంది.

వాడు చాప మీద నిలబడి, చేతులు నుదుటిదాకా ఎత్తి, మోకాళ్ల మీదికి దిగి, తల నేలకు ఆనించాడు. ఎక్కడా తప్పు రాలేదు. ఎవరో బాగా నేర్పారు.

బ్యోన్ రాణి కూర్చునే ఉంది.

తెర వెనక నుంచి చప్పుడు లేదు. తాక్ పెదవి కదల్లేదు. పెద్దరాణి మాట నిలబెట్టుకుంటోంది. రాణి గుండె ఆనందంతో దడదడలాడింది.

"లే నాయనా," అంది.

వాడు లేవలేదు.

"లేవమన్నాను కదమ్మా. లే."

వసారాలో గుసగుసలు మొదలయ్యాయి. రాణి పీట మీంచి ముందుకు వంగింది. నేలకు ఆనించిన ఆ చిన్న తల వణుకుతోంది.

"ఏమైంది నాన్నా?"

"మీరు లేవాలట," అన్నాడు వాడు చాపలోకే. ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"ఎవరన్నారు?"

"మీరు లేచి మొక్కకపోతే మా నాన్నని దీవికి పంపిస్తారట. అక్కడ గిన్నెలో ఏదో పోసి తాగమంటారట." వాడు పిడికిలి ఇంకా బిగించాడు. "మా నాన్న మంచోడండీ. ఎవర్నీ ఏమీ అనడు. గాలిపటాలు చేస్తాడు. మీకు కూడా చేసి పెడతాడు, లేవండీ."

బ్యోన్ రాణి కొయ్యబారిపోయింది.

పక్క తెర వైపు చూసింది. తమ్ముడి మీద ఒట్టు! ఏ గిన్నె తన తమ్ముణ్ణి మింగిందో అదే గిన్నెను ఒక పసివాడి నోట పలికించింది. మనిషేనా ఈవిడ? ఛీ, అనుకుంది. అరవాలనుకుంది. కానీ వాడి తల ఇంకా నేల మీదే ఉంది. వాడి మెడ వెనక, కొత్త తెల్లబట్ట కింద, ఇంట్లో కుట్టిన పాత చొక్కా అంచు కనిపిస్తోంది. ఏ తల్లో కళ్లు పొడుచుకుని వేసిన సన్నటి కుట్టు.

ఆరేళ్ల కిందట కూడా ఆమె ఇలాగే కదలకుండా కూర్చుంది. తల వంచి, చేతులు మడిచి. ఎక్కడో సముద్రం అవతల ఒక మనిషి గిన్నె ఎత్తి తాగాడు.

ఇప్పుడు లేస్తే తోటలో రెండు గదులు. అది ఫరవాలేదు. కానీ ఆయన? తొనలు వలిచి పెట్టిన ఆ చేతులు? 'నాన్నా' అని పిలిచేవాడు లేకుండా ఆయన పేరు, తద్దినానికి నిలబెట్టే చెక్క మీద అలా ఎండిపోవాలి. క్షమించండి, అంది మనసులో. మీరుంటే మీరూ లేవమనేవారే. అనేవారా? చచ్చినవాళ్లు ఏమంటారో బతికున్నవాళ్ల ఇష్టం కదా.

ఆమె లేచింది.

"వద్దు తల్లీ!" మేంగ్ దాది చెయ్యి పట్టుకుంది. రాణి విడిపించుకుంది. గోడ దగ్గరికి నడిచి, చుట్టిన చాపను తనే తీసుకుంది. రాణి తన చేత్తో చాప మొయ్యడం అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు. పిల్లవాడికి ఎదురుగా దాన్ని పరిచింది. చేతులు నుదుటిదాకా ఎత్తింది. మోకాళ్ల మీదికి దిగింది. తల వంచింది.

"వదినగారు ఎదురు మొక్కారు," అంది తాక్, వసారాలోకి వినపడేటట్టు.

అంతే. ముద్ర పడకముందే ముద్ర పడిపోయింది. ముసలి రాచబంధువొకడు గట్టిగా నిట్టూర్చాడు. గోడ పక్కన ఆడవాళ్లు అప్పుడే రాణి వైపు చూడటం మానేశారు.

బ్యోన్ రాణి తల ఎత్తి, నేరుగా తెర ముందుకు వెళ్లి నిలబడింది.

"మాట తప్పారు అత్తగారూ. చచ్చిన తమ్ముడి మీద ఒట్టేసి తప్పారు."

"నేను నిన్ను లేపలేదు."

"వీడు చంటివాడు! వీడి నోట్లో ఆ మాటలెవరు పెట్టారు మరి?"

"నేను కాదు. నా మనుషులూ కాదు." పెద్దరాణి గొంతులో గెలుపు లేదు. అలసట ఉంది. "'ముద్ర నా దగ్గరుంది, ఈ అమ్మాయికి తల్లి చోటు కావాలా, నీకు నీ తల కావాలా' అని నేను ఒక మనిషిని అడిగిన మాట నిజం. ఆయనే ఎంచుకున్నాడు. ఆ మనిషి ఎవరో నన్నడగకు. నా నోటితో వింటే జన్మలో నమ్మవు. ఆ పిల్లవాణ్ణే అడుగు."

రాణి వెనక్కి తిరిగింది. పిల్లవాడు లేచి కూర్చుని, పొడుగు చేతిమడతతో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆమె వాడి ముందు కూలబడింది.

"ఎవరు చెప్పమన్నారు నాన్నా నీకు?"

"తాతగారు."

"ఏ తాతగారు?"

వాడు బిగించిన పిడికిలి విప్పాడు. అరచేతిలో చెమటకు కరిగి, పంచదార జిగురు పట్టిన ముక్క ఒకటి ఉంది. అల్లం వాసన గుప్పుమంది.

"ఏడవకుండా చెబితే ఇంకోటి ఇస్తానన్నారు," అన్నాడు వాడు. "కొంచెమే ఏడిచాను. బాగా చెప్పానాండీ?"

ఆమె చెయ్యి తన చేతిమడతలోకి వెళ్లింది. నిన్నటి పొట్లం ఇంకా విప్పకుండా అక్కడే ఉంది.

వసారాలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.